మళ్ళీ మళ్ళీ ఆస్పత్రికి: పసిబిడ్డ చికిత్సలో అమ్మానాన్నల పాత్ర

పసిపిల్లలకు జబ్బు చేయడం, ఒకసారి ఆస్పత్రిలో చేర్చాల్సి రావడం చాలా ఇళ్ళలో జరిగేదే. రెండు మూడు రోజులు సెలైను, మందులు, ఆ తర్వాత ఇల్లు. కొన్నాళ్ళకు ఆ సంగతి అందరూ మరచిపోతారు.

కొందరు పిల్లల విషయం అలా ఉండదు. తలసీమియా ఉన్న బిడ్డకు కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మొదటి రెండేళ్ళలో జలుబు ముదిరి ఆయాసంతో పదేపదే వార్డులో చేరవచ్చు. గుండెలో పుట్టు లోపం ఉన్న బిడ్డకు విడతలవారీగా ఆపరేషన్లు అవసరం కావచ్చు. రక్త క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకానికి చికిత్స రెండేళ్ళకు పైగా సాగుతుంది. ఇలాంటి ఇళ్ళలో బిడ్డ బట్టలు, ఫైలు, పాలసీసా, దుప్పటి సర్దిన సంచి ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

జబ్బు సంగతి వైద్యులు చూస్తారు. మరి ఈ రాకపోకలు బిడ్డ మనసు మీద ఎలాంటి ప్రభావం చూపుతాయి? మంచం పక్కన కూర్చున్న తల్లి, వరండాలో నిలబడ్డ తండ్రి చేయగలిగిందేమైనా ఉందా? ఈ ప్రశ్నల మీద 70 ఏళ్ళకు పైగా పరిశోధన జరిగింది. అది తేల్చింది ఇదీ: ఆస్పత్రిలో తల్లిదండ్రులు బిడ్డను చూడవచ్చిన చుట్టాలు కారు, వారు చికిత్సలో ఒక భాగం. ఈ మాట విజ్ఞాన శాస్త్రం ఎలా తెలుసుకుందో, దాన్ని మన ఇళ్ళలో, మన వార్డుల్లో ఎలా వాడుకోవచ్చో చూద్దాం.

ఆదివారం ఒక గంట

బిడ్డను ఆస్పత్రిలో చేర్చి తల్లి ఇంటికి వెళ్ళిపోవడం మనకు ఊహకందని విషయం. 20వ శతాబ్దం మధ్య వరకు బ్రిటన్‌లో మాత్రం అదే పద్ధతి. చాలా పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులను వారానికి ఒకసారి, ఆదివారం నాడు గంటో రెండు గంటలో అనుమతించేవారు. కొన్నిచోట్ల అదీ లేదు. బయటివారి వల్ల అంటువ్యాధులు వస్తాయన్నది ఒక కారణం. తల్లి వచ్చి వెళ్ళినప్పుడల్లా పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నాలుగు రోజుల్లో సర్దుకుంటారన్నది రెండో కారణం.

ఆ సర్దుకోవడం నిజమైనదేనా అని అడిగిన వ్యక్తి జేమ్స్ రాబర్ట్‌సన్. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మనోవైద్యుడు జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన సామాజిక కార్యకర్త ఆయన. పిల్లల వార్డుల్లో గంటల తరబడి కూర్చుని, తల్లికి దూరమైన పసిపిల్లలు మూడు దశల గుండా వెళతారని ఆయన గమనించారు. మొదటిది నిరసన. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, తలుపు వైపే చూస్తుంది. రెండోది నిరాశ. ఏడుపు తగ్గుతుంది, బిడ్డ మూలకు ఒదిగిపోతుంది. మూడోది ఎడబాటు. ఎవరు ఎత్తుకున్నా వెళుతుంది, నవ్వుతుంది, కానీ తల్లి వస్తే ముఖం తిప్పుకుంటుంది. వార్డు సిబ్బంది ‘సర్దుకుంది’ అని సంతోషించేది ఈ మూడో దశను చూసే. రాబర్ట్‌సన్ దృష్టిలో అది అన్నిటికన్నా ఆందోళన కలిగించే దశ.

మాటలతో చెబితే వైద్యులు నమ్మలేదు. దాంతో ఆయన చిన్న కెమెరా ఒకటి చేతబట్టి, చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ళ అయిదు నెలల పాపను చిత్రీకరించారు. తనకు అనుకూలమైన దృశ్యాలే ఏరుకున్నాడన్న మాట రాకుండా ముందే నిర్ణయించుకున్న వేళల్లో తీశారు. గోడ గడియారం కూడా కనబడేలా చూసుకున్నారు. ‘ఎ టూ ఇయర్ ఓల్డ్ గోస్ టు హాస్పిటల్’ అనే ఆ చిత్రాన్ని 1952లో లండన్‌లో వైద్యుల సభలో ప్రదర్శించినప్పుడు చాలామంది కోపగించుకున్నారు. పాప పెద్దగా ఏడవను కూడా లేదు, ఇందులో చూపించేదేముంది అన్నవారూ ఉన్నారు. ఏడుపును ఆపుకుంటున్న ఆ ముఖాన్నే చూడమన్నారు రాబర్ట్‌సన్.

అంతకు చాలా ముందే, 1920లలో, న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ అనే పిల్లల వైద్యుడు తల్లులను బిడ్డలతో పాటే ఆస్పత్రిలో ఉంచుకుని వారి చేతే సేవలు చేయించారు. ఈ అనుభవాలన్నీ కలిసి 1959లో ఒక ప్రభుత్వ నివేదికకు దారితీశాయి. హారీ ప్లాట్ అనే ఎముకల శస్త్రవైద్యుడి అధ్యక్షతన ఏర్పడిన సంఘం తల్లిదండ్రులను ఏ వేళనైనా రానివ్వాలనీ, అయిదేళ్ళ లోపు పిల్లలతో తల్లి కూడా ఉండే ఏర్పాటు చేయాలనీ సిఫారసు చేసింది. నివేదిక వచ్చినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. 1961లో లండన్‌లో కొందరు తల్లులు సంఘంగా ఏర్పడి, ఆస్పత్రుల చుట్టూ తిరిగి ఆ సిఫారసులను అమలు చేయించుకోవలసి వచ్చింది.

ఒకసారికీ పలుసార్లకూ తేడా

ఒక బిడ్డ అయిదేళ్ళ లోపు ఆస్పత్రిలో ఉన్నంత మాత్రాన జీవితాంతం దెబ్బ తగులుతుందా? జవాబు కోసం చాలామంది పిల్లలను చాలా ఏళ్ళు గమనించాలి. 1946 మార్చిలో ఒకే వారంలో బ్రిటన్‌లో పుట్టిన 5,362 మందిని ఏళ్ళ తరబడి అనుసరించిన అధ్యయనం ఒకటి ఉంది. ఆ సమాచారాన్ని 1975లో విశ్లేషించిన డగ్లస్, అయిదేళ్ళ లోపు వారానికి మించి ఆస్పత్రిలో ఉన్న పిల్లల్లోనూ, పలుమార్లు చేరిన పిల్లల్లోనూ కౌమారంలో ప్రవర్తన సమస్యలు, చదవడంలో ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయని చెప్పారు. మరుసటి ఏడాది క్వింటన్, రట్టర్ అనే పరిశోధకులు వేరే పిల్లల సమూహంలో దీన్ని పరిశీలించారు. ఒకే ఒక్కసారి కొద్ది రోజులు ఉండి వచ్చినవారిలో దీర్ఘకాలిక నష్టం కనిపించలేదు. పలుమార్లు చేరినవారిలో మాత్రం కనిపించింది. అందులోనూ ఇంట్లో ముందు నుంచే కష్టాలు, కలతలు ఉన్న పిల్లల్లో ఆ సంబంధం ఎక్కువ.

ఈ ఫలితాలను చదివి భయపడకూడదు, జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మొదటి సంగతి, ఇవి సంబంధాన్ని చూపుతాయే కానీ ఆస్పత్రే కారణమని నిరూపించవు. పదేపదే చేరే పిల్లల్లో జబ్బు తీవ్రత, ఇంటి పేదరికం కూడా తమ పాత్ర పోషిస్తాయి. రెండో సంగతి ఇంకా ముఖ్యం. 1946లో పుట్టిన ఆ పిల్లలు ఆస్పత్రుల్లో గడిపింది తల్లిని దగ్గరకు రానివ్వని రోజుల్లో. అంటే అవి కొలిచింది జబ్బును ఒక్కదాన్నే కాదు, ఒంటరితనాన్ని కూడా. జబ్బును మనం ఆపలేకపోవచ్చు. ఒంటరితనాన్ని ఆపగలం.

రెండేళ్ళ బిడ్డకు ఆస్పత్రి ఎలా కనిపిస్తుంది

సుమారు ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలకు ఈ ఎడబాటు అన్నిటికన్నా కష్టం. దానికి కారణాలున్నాయి. ఆరు నెలలు దాటేసరికి బిడ్డకు తనవారెవరో, కొత్తవారెవరో తెలుస్తుంది. భయం వేసినప్పుడు తనవారిని అంటిపెట్టుకోవాలన్న ప్రేరణ బలంగా ఉంటుంది. కానీ కాలం మీద అవగాహన ఇంకా రాదు. ‘సాయంత్రం వస్తాను’ అన్నా ‘ఇక రాను’ అన్నా ఏడాదిన్నర బిడ్డకు ఒకటే.

మూడు నాలుగేళ్ళ వయసులో ఇంకో చిక్కు వస్తుంది. ఆ వయసు పిల్లలు జరిగిన ప్రతిదానికీ తామే కారణమని అనుకుంటారు. తాను అల్లరి చేశాను కాబట్టే సూది పొడిచారని నమ్ముతారు. మన ఇళ్ళలో తరచు వినిపించే ఒక బెదిరింపు ఈ నమ్మకాన్ని గట్టిపరుస్తుంది: ‘అన్నం తినకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సూది వేయిస్తా!’ ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అది ఉత్త మాట. నెలనెలా నిజంగానే సూది పడే బిడ్డకు అది తీర్పు. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, పక్కింటివారితో సహా ఎవరూ ఆ మాట అనకుండా చూసుకోవాలి.

క్యాలెండర్‌లో రాసి ఉన్న రోజు

పదేపదే ఆస్పత్రికి వెళ్ళడం అంటే ఏమిటో తలసీమియా కన్నా స్పష్టంగా చూపే జబ్బు లేదు. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక లోపమున్న జన్యువు వచ్చినప్పుడు కలిగే రక్త వ్యాధి. ఇద్దరికీ పైకి ఏ జబ్బూ ఉండదు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్ర తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ రకం తగ్గిపోయి, దాని స్థానంలో రావలసింది రాకపోవడంతో ఆరు నెలల నుంచి రెండేళ్ళ మధ్య బిడ్డ పాలిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది. మన దేశంలో ఏటా సుమారు 10,000 మంది పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా.

ఆ తర్వాత రెండు నుంచి అయిదు వారాలకొకసారి రక్తం ఎక్కించడం జీవితంలో భాగమవుతుంది. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 గ్రాముల మధ్య ఉండేలా చూసుకుంటూ రోజు నిర్ణయిస్తారు. ఆ రోజు తల్లిదండ్రుల అనుభవం ఇలా ఉంటుంది. తెల్లవారుజామున బస్సు. బరువు, రక్తపరీక్ష, గ్రూపు సరిపోల్చడం. రక్తం దొరికిందా లేదా అన్న ఎదురుచూపు. లేకపోతే తండ్రి ఫోను పట్టుకుని దాతల కోసం వెతకడం. నరం దొరక్కపోతే రెండోసారి, మూడోసారి పొడవడం. తర్వాత మూడు నాలుగు గంటలు ఒకే చోట కూర్చోబెట్టడం. సాయంత్రానికి బిడ్డ బుగ్గలు ఎరుపెక్కి ఆడుకుంటుంది. తల్లిదండ్రులు మాత్రం మరో మూడు వారాల తర్వాతి తేదీ రాసుకుని బస్సెక్కుతారు.

ఈ సమయంలో తల్లిదండ్రుల కళ్ళు ఒక పరికరం లాంటివి. రక్తం మొదలైన తొలి పావుగంట నెమ్మదిగా ఎక్కిస్తూ నర్సు దగ్గరుండి చూస్తారు. ఆ తర్వాత ఎదురుగా ఎక్కువసేపు ఉండేది తల్లే. వణుకు, జ్వరం, దద్దుర్లు, ఆయాసం, నడుము నొప్పి, మూత్రం రంగు మారడం వంటివి కనిపిస్తే వెంటనే చెప్పాలి. ‘ఏమనుకుంటారో’ అని ఆగకూడదు.

రక్తంతో పాటు ఇనుము కూడా ఒంట్లో చేరుతుంది. ఒక సంచి రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాములు. దాన్ని బయటకు పంపే మార్గం శరీరానికి లేదు. అది గుండె, కాలేయం, గ్రంథుల్లో పేరుకోకుండా ఇనుమును తొలగించే మందులు వాడాలి. అంటే ఆస్పత్రి రోజున డాక్టరు, నర్సు చేసేది ఎంత ముఖ్యమో, మిగతా రోజుల్లో ఇంట్లో మరవకుండా మందు వేయడం అంతే ముఖ్యం. ఈ జబ్బులో బిడ్డ ఎంతకాలం ఆరోగ్యంగా ఉంటుందన్నది చాలావరకు తల్లిదండ్రుల చేతుల మీదుగానే సాగుతుంది.

మొదటి సూది ఎందుకు ముఖ్యం

పసిపిల్లలకు నొప్పి సరిగా తెలియదు, తెలిసినా గుర్తుండదు అని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. నవజాత శిశువులకు తగినంత మత్తు, నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు జరిగిన రోజులున్నాయి. భారతీయ మూలాలున్న వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని తోసిపుచ్చాయి. నెలలు నిండని శిశువుల శరీరం కూడా నొప్పికి తీవ్రంగా స్పందిస్తుందనీ, తగిన మందు ఇస్తే ఆపరేషన్ తర్వాత వారి పరిస్థితి మెరుగ్గా ఉంటుందనీ అవి చూపించాయి.

నొప్పి గుర్తుంటుందా అన్నది రెండో ప్రశ్న. 1997లో కెనడాలో ఆనా టాడియో బృందం ఒక విషయం గమనించింది. పుట్టిన కొత్తలో మందు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు మిగతావారి కన్నా ఎక్కువగా బాధపడ్డారు. మరుసటి ఏడాది క్యాన్సర్ ఉన్న పిల్లలపై వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. ఎముక మజ్జ, వెన్నునీరు తీసే మొదటి పరీక్షలో నొప్పి సరిగా తగ్గించని చిన్నపిల్లలకు, తర్వాతి పరీక్షల్లో మంచి మందు ఇచ్చినా నొప్పి ఎక్కువగానే అనిపించింది.

అంటే బిడ్డ పేరుపెట్టి చెప్పలేకపోయినా ఆమె శరీరం గుర్తు పెట్టుకుంటుంది. మూడోసారి వెళ్ళేటప్పుడు ఆస్పత్రి గేటు చూడగానే, స్పిరిట్ వాసన తగలగానే ఏడుపు మొదలవడం మొండితనం కాదు. అది నేర్చుకున్న భయం. అందుకే జీవితంలో ఎన్నో సూదులు పడబోయే బిడ్డకు మొదటి కొన్ని సూదుల్లో నొప్పి తగ్గించడం విలాసం కాదు, తర్వాతి వాటికి పునాది.

ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. చంటిబిడ్డకు సూది వేసేటప్పుడు తల్లిపాలు పట్టడం వల్ల నొప్పి తగ్గుతుందని అనేక పరీక్షల్లో తేలింది. ఏడాది లోపు పిల్లలకు సూదికి రెండు నిమిషాల ముందు నాలుక మీద కొన్ని చుక్కల చక్కెర ద్రావణం కూడా పనిచేస్తుంది. దాన్ని సిబ్బందే ఇవ్వాలి. కొంచెం పెద్ద పిల్లలకు చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉంది. గంట ముందు రాయాలి కాబట్టి, డాక్టరును అడిగి, ఎక్కడ ఎంత రాయాలో తెలుసుకుని వాడాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవడం కన్నా, తల్లి లేదా తండ్రి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని చేయి కదలకుండా పట్టుకుంటే భయం తగ్గుతుంది. ‘సిస్టర్, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను, ఇలా పట్టుకుంటే మీకు వీలవుతుందా?’ అని అడగడంలో తప్పులేదు.

ఏం మాట్లాడాలి

సూది పడేటప్పుడు మనం సహజంగా అనే మాట ‘ఏం కాదు, ఏం కాదు’. అమెరికాలో రోనాల్డ్ బ్లౌంట్ అనే మనస్తత్వవేత్త బృందం 1980ల చివరి నుంచి, చికిత్స గదిలో పెద్దలు మాట్లాడే ప్రతి మాటనూ, బిడ్డ స్పందననూ నమోదు చేసి పోల్చింది. వచ్చిన ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. పదేపదే ధైర్యం చెప్పడం, జాలిపడటం, క్షమించమనడం, కోప్పడటం జరిగినప్పుడు పిల్లల బాధ పెరిగింది. వేరే కబుర్లు చెప్పినప్పుడు, నవ్వించినప్పుడు, గట్టిగా గాలి ఊదమని పని అప్పగించినప్పుడు తగ్గింది. కారణం ఊహించుకోవచ్చు. ‘ఏం కాదు’ అని వణికే గొంతుతో అంటే, ఏదో కాబోతోందని బిడ్డకు అర్థమవుతుంది.

అలాగని అబద్ధం చెప్పకూడదు. ‘నొప్పి ఉండదు’ అని చెప్పి సూది వేయిస్తే ఆ మాట మళ్ళీ పనిచేయదు. ‘చిన్నగా చీమ కుట్టినట్టు ఉంటుంది నాన్నా, నువ్వు ఉఫ్ అని ఊదుతూ ఉండు, నేను పట్టుకునే ఉంటాను’ అనడం నిజం, పని కూడా. సబ్బు బుడగలు, కాగితం గిరగిర, ఇష్టమైన పాట ఇందుకు సాయపడతాయి.

తల్లి కాసేపు బయటకు వెళ్ళవలసి వస్తే బిడ్డ నిద్రపోయినప్పుడు చెప్పకుండా జారుకోవడం మనకు అలవాటు. అప్పటికి ఏడుపు తప్పుతుంది. కానీ లేచి చూసి అమ్మ లేదని తెలిసిన బిడ్డ తర్వాత నిద్రపోవడానికే భయపడుతుంది. చెప్పే వెళ్ళాలి. గంటల లెక్కలో కాకుండా బిడ్డకు తెలిసిన పనుల లెక్కలో చెప్పాలి: ‘నువ్వు పాలు తాగేసరికి వచ్చేస్తాను.’ తన వాసన ఉన్న చున్నీనో, పాత చీర ముక్కనో బిడ్డ దగ్గర ఉంచడం మంచిది. చెప్పిన సమయానికి తిరిగి రావడం అన్నిటికన్నా ముఖ్యం.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ అయ్యాక ఇక అంతా బాగుంటుందనుకున్న తల్లిదండ్రులు అప్పుడే బెంగపడటం చూస్తాం. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. బిడ్డ రాత్రులు ఉలిక్కిపడి లేస్తుంది. వంటింట్లోకి వెళ్ళినా అమ్మ కొంగు వదలదు. కొందరు పిల్లలు తల్లి మీదే కోపం చూపిస్తారు, కొడతారు. ఆస్పత్రిలో ఉండి వచ్చిన పసిపిల్లల్లో ఇవి మామూలే. సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కొట్టడం, తిట్టడం, ‘ఇంత పెద్దయ్యావు’ అని సిగ్గుపరచడం వల్ల ఇంకా పెరుగుతాయి. నెల దాటినా తగ్గకపోతే, బిడ్డ ఆట మానేసి ముభావంగా ఉంటే పిల్లల డాక్టరుకు చెప్పాలి.

ఆట ఇక్కడ మందులా పనిచేస్తుంది. బొమ్మకు సెలైను పెట్టడం, అమ్మకు సూది వేయడం, తాతయ్య గుండె వినడం వంటి ఆటల్లో బిడ్డ తనకు జరిగినదాన్ని తన చేతుల్లోకి తీసుకుంటుంది. ఆ ఆటను ఆపకండి.

అమ్మానాన్నల సంగతి

బిడ్డ మంచం పక్కన రాత్రులు కూర్చున్నవారికి నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు. ఇంటికి వచ్చాక కూడా మానిటర్ మోత చెవుల్లో వినిపించడం, ఫోను మోగితే గుండె దడ, అదే ఆస్పత్రి దారిలో వెళ్ళలేకపోవడం కొందరికి నెలల తరబడి ఉంటాయి. పిల్లల తీవ్ర జబ్బుల తర్వాత తల్లిదండ్రుల్లో కనిపించే ఈ ఒత్తిడిని మనోవైద్యం ఒక గుర్తింపు పొందిన సమస్యగా చూస్తుంది. అది బలహీనత కాదు. కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇందులో సమాచారం పాత్ర పెద్దది. అమెరికాలో బెర్నడెట్ మెల్నిక్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రెండు నుంచి ఏడేళ్ళ పిల్లల తల్లులను రెండు జట్లుగా చేశారు. బిడ్డ ప్రవర్తన ఎలా మారవచ్చో, ఆ సమయంలో తల్లి ఏం చేయవచ్చో ఒక జట్టుకు ముందుగానే వివరించారు. ఆ తల్లుల్లో ఆందోళన తక్కువగా ఉంది. ఏడాది తర్వాత చూస్తే వారి పిల్లల్లో ప్రవర్తన సమస్యలూ తక్కువే. కొత్త మందేమీ ఇవ్వలేదు. తల్లికి విషయం చెప్పారు, అంతే.

మన వార్డుల్లో సమస్య సరిగ్గా ఇక్కడే ఉంది. ఇక్కడ తల్లిని ఎవరూ ఇంటికి పంపరు. నర్సుల కొరత వల్ల సెలైను అయిపోతోందని చెప్పడం నుంచి బిడ్డకు తినిపించడం వరకు ఆమే చేస్తుంది. కానీ ఏం జరుగుతోందో ఆమెకు చెప్పేవారు తక్కువ. రాత్రి ఒకరినే ఉండనిస్తారు కాబట్టి తండ్రి బయట ఉంటాడు. డాక్టరు రౌండ్‌లో చెప్పినది తల్లి వింటుంది, సంతకం తండ్రి చేస్తాడు, ఇద్దరికీ సగం సగం తెలుస్తుంది. పైగా ప్రతి రాకకూ కూలి పోతుంది. ఊళ్ళో పెద్ద బిడ్డను అమ్మమ్మ చూసుకుంటుంది. డబ్బు, దూరం, అలసట కలిసి చికిత్స మధ్యలో మానేసే కుటుంబాలున్నాయి. పేద, మధ్యాదాయ దేశాల్లో పిల్లల క్యాన్సర్ నయం కాకపోవడానికి ఇలా మానేయడం ఒక ముఖ్య కారణం. కాబట్టి తల్లిదండ్రులకు చోటు, తిండి, సమాచారం ఇవ్వడం దయ కాదు, చికిత్స పూర్తయ్యేలా చేసే మార్గం.

తెరుచుకుంటున్న తలుపులు

మార్పు మొదలైంది. 2017లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నవజాత శిశువుల వార్డుల్లో కుటుంబ భాగస్వామ్య సంరక్షణకు మార్గదర్శకాలు తెచ్చింది. చేతులు శుభ్రం చేసుకోవడం, పాలు పట్టడం, ప్రమాద సూచనలు గుర్తించడం తల్లిదండ్రులకు నేర్పి, వారిని లోపలికి రానివ్వాలన్నది దాని సారం. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆస్పత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన శిశువులను వెంటనే తల్లి గుండెలకు హత్తుకుని ఉంచితే, 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇందుకోసం ఇంటెన్సివ్ కేర్‌లోనే తల్లికీ మంచం వేశారు. తల్లి దగ్గర ఉంటే అంటువ్యాధులు వస్తాయన్న పాత భయానికి ఇది గట్టి జవాబు.

పోషకాహార పునరావాస కేంద్రాల్లో బిడ్డతో పాటు ఉండే తల్లికి భోజనం, పోయిన కూలికి కొంత పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. క్యాన్సర్ చికిత్సకు వచ్చే పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి కల్పించే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006లో ముంబైలో మొదలై హైదరాబాద్‌కూ విస్తరించింది. హైదరాబాద్‌లోనే 1998లో రోగులు, తల్లిదండ్రులు, వైద్యులు కలిసి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని ఏర్పాటు చేసుకున్నారు. ఒకే జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు ఒక గదిలో కూర్చుంటే, దాతల సమాచారం నుంచి బిడ్డకు మందు ఎలా మింగించాలన్న చిట్కా వరకు చేతులు మారుతుంది.

గుర్తుంచుకోవలసినవి

• ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, బరువు, పరీక్షల ఫలితాలు, ఇచ్చిన మందులు, పడని మందులు, ఏ చేతికి నరం సులువుగా దొరికింది అన్నవి రాయండి. తల్లీ తండ్రీ ఇద్దరూ అందులోనే రాయాలి, చదవాలి.

• డాక్టరును అడగవలసిన మూడు ప్రశ్నలు ముందే రాసుకోండి. ఇవాళ ఏం చేస్తారు? నేను ఏం గమనించాలి? ఏది కనిపిస్తే వెంటనే రావాలి?

• వెళ్ళే ముందు బిడ్డకు నిజం చెప్పండి. రెండేళ్ళ బిడ్డకు బయలుదేరే ముందు, నాలుగేళ్ళ బిడ్డకు ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలు.

• బిడ్డ దుప్పటి, బొమ్మ, తినే గిన్నె ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మంచం మీద సూదులు వేయకుండా, వీలైతే చికిత్స గదిలో వేయమని అడగండి. మంచం బిడ్డకు భద్రమైన చోటుగా మిగలాలి.

• రాత్రి కాపలా వంతులవారీగా పంచుకోండి. నిద్రలేని మనిషి మందు మోతాదులో పొరబడే ప్రమాదం ఎక్కువ.

• ఇంట్లో ఉన్న తోబుట్టువుకు కూడా వయసుకు తగినట్టు విషయం చెప్పండి. రోజూ ఒక ఫోన్ చేయండి.

• బంధువులు చేయగల సాయం స్పష్టంగా అడగండి. ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అన్నవారికి రక్తదానం తేదీ, క్యారేజీ తేవలసిన పూట, పెద్ద బిడ్డను బడికి దింపవలసిన రోజు చెప్పండి.

పదేపదే ఆస్పత్రికి వెళ్ళవలసిన బిడ్డ బాల్యంలో ఆస్పత్రి ఉండక తప్పదు. అక్కడ ఆమె చుట్టూ ఎవరున్నారు, నొప్పిని ఎవరు పట్టించుకున్నారు, తనకు నిజం ఎవరు చెప్పారు అన్నవి మాత్రం మనం మార్చగలిగినవి. తల్లిదండ్రులకు ఈ సంగతులు తెలియాలి. వార్డులో వారికి కూర్చునే కుర్చీ, పడుకునే చోటు, అడిగిన ప్రశ్నకు జవాబు దొరకాలి.